పందెపు బాటకును నిత్యప్రయాణమునకును ఒకే కారు

జర్మనీ దేశమున ఐఫెల్ కొండల నడుమ నూర్బర్గ్‌రింగ్ అను మోటారు పందెముల బాట కలదు. 1927లో ప్రారంభమైన ఈ బాటలో ఉత్తరపు చుట్టు ఒక్కటే 20.8 కి.మీ. పొడవున్నది. దాని మిట్టపల్లముల భేదము సుమారు 300 మీటర్లు. పందెములు లేని కొన్ని దినములలో రుసుము చెల్లించి ఎవరైనను తమ సొంత కారును ఈ బాటపై నడుపుకొనవచ్చును. ఆ వేళలలో అది సుంకము వసూలుచేయు రోడ్డు వంటిదే. మామూలు రోడ్డు నియమములే అక్కడను వర్తించును. గడియారము పట్టి కాలము కొలుచుట నిషేధము. ఆదివారము ఇక్కడ తిరిగిన కారే సోమవారము యజమానిని ఆఫీసుకు చేర్చవలెను.

ఇట్టి యజమానికి కలుగు మొదటి కోరిక, కంపెనీవారు అమర్చిన స్ప్రింగులను, షాకబ్జర్బర్లను తీసివేసి, గట్టివి కొని తగిలించుకొనుట. అంగళ్లలో వాటికి కొదువ లేదు. గట్టిదనము ఎంత ఎక్కువైన కారు అంత బాగుగా పట్టు చిక్కించుకొనునని చాలమంది నమ్మకము. సౌఖ్యము తగ్గుట మాత్రమే నష్టమైనచో ఇంత చర్చ అక్కరలేదు. వంపు మధ్యలో గతుకు తగిలిన క్షణమున చక్రము నేలనంటియున్నదా, లేచిపోయినదా అన్నదే ఇచ్చటి ప్రశ్న.

ఉదాహరణకు మాజ్డా ఎంఎక్స్-5 అను జపాను కారును తీసుకొందము. 1989లో వెలువడిన దీని మొదటి తరము కార్లు నేటికిని ఇట్టి బాటలపై కనిపించుచున్నవి. రెండే సీట్లు, బరువు టన్నుకు కొంచెము తక్కువ, ఇంజను ముందున్నను తిప్పునవి వెనుక చక్రములు. నడుపువానితో కలిపి ఒక్కొక్క చక్రము వద్ద స్ప్రింగు మోయు బరువు 225 కిలోలని లెక్కకొరకు అనుకొందము.

ఎడ్లబండిలో పోవువానికి ప్రతి రాయియు నడుమునకు తెలియును. జట్కాబండిలో ఉక్కుపట్టీలు ఆ దెబ్బను కొంత మ్రింగును. కాని పట్టీ మ్రింగిన దెబ్బను ఊరక ఉంచుకొనదు; తిరిగి పైకి నెట్టును. అందుచే బండి క్రిందికిని పైకిని ఊగును. ఆ ఊపు సెకండుకు ఎన్నిసార్లు వచ్చునో దానినే పౌనఃపున్యము అందురు. దీనిని కనుగొనుటకు ఒక సులభమైన లెక్క కలదు. కారు బరువు మీదపడినప్పుడు స్ప్రింగు చక్రము వద్ద ఎన్ని సెంటీమీటర్లు అణగునో చూచి, ఆ సంఖ్య వర్గమూలముతో 5ను భాగింపవలెను. 16 సెం.మీ. అణగినచో సెకండుకు 1.25 సార్లు, 11 సెం.మీ. అయినచో సుమారు 1.5; 6.25 సెం.మీ. మాత్రమే అయినచో 2. మెత్తని కుటుంబపు కార్లు ఇందు మొదటి అంకెకు దగ్గరలో ఉండును. రెండింటికి చేరిన కారు, చదునైన పందెపు బాటపై ఇంపుగా నడచినను, ఊరి రోడ్డుపై ప్రతి అతుకును లెక్కపెట్టి చెప్పును.

మన కారుకు 1.5 కావలెనన్న, చక్రము వద్ద మిల్లీమీటరు అణచుటకు సుమారు 2 కిలోల బరువు పట్టవలెను. 2 కావలెనన్న 3.6 కిలోలు. అయితే అంగడివాడు చెప్పు అంకె ఇది కాదు. స్ప్రింగు చక్రము వద్ద ఉండదు. చక్రమును మోయు చేతుల మధ్య, కొంత లోపలగా ఉండును. చక్రము 10 మి.మీ. లేచినప్పుడు స్ప్రింగు 7 మి.మీ. నొక్కుకొనుననుకొందము. అప్పుడు స్ప్రింగు బలము చక్రము వద్దకు వచ్చుసరికి 0.7ను రెండుసార్లు హెచ్చించినంత, అనగా సగమునకు కొద్దిగా తక్కువ అగును. మొదటిసారి తగ్గుట స్ప్రింగు తక్కువ నొక్కుకొనుటవలన, రెండవసారి తులాదండపు న్యాయమువలన. కనుక చక్రము వద్ద 2 కావలెనన్న స్ప్రింగు 4కు పైగా ఉండవలెను. "ఫలానా కారుకు 7 కిలోల స్ప్రింగు వేసినారు, మనకును అదే" అనుట ఒకరి కళ్లజోడు మరొకరు పెట్టుకొనుట వంటిది.

ఇక గట్టి స్ప్రింగు వంపులలో బరువు ప్రక్కకు పోకుండ ఆపునను మాట. ఇది పొరపాటు. కారు వంపు తిరుగునప్పుడు లోపలి చక్రములపై బరువు తగ్గి, వెలుపలి చక్రములపై పెరుగును. ఎంత పెరుగునన్నది మూడింటిపై ఆధారపడును: కారు బరువు, దాని గరిమనాభి ఎత్తు, కుడియెడమ చక్రముల మధ్య దూరము. గరిమనాభి 45 సెం.మీ. ఎత్తున, చక్రముల నడుమ 140 సెం.మీ. ఉన్నవనుకొందము. ప్రక్కకు నెట్టు బలము కారు బరువంతయైనప్పుడు, 1,050 కిలోల కారులో సుమారు 340 కిలోలు అటునుండి ఇటు మారును. స్ప్రింగులు తీసి చెక్కదిమ్మలు పెట్టినను దాదాపు అంతే. కారును 2 సెం.మీ. క్రిందికి దించినచో తగ్గునది 15 కిలోలు మాత్రమే.

మరి గట్టిదనముతో మారునదేమి? రెండు విషయములు. కారు తక్కువగా ఒరుగును గనుక టైరు నేలపై సరిగా ఆనును. ఇది మేలే. రెండవది, ఆ 340 కిలోలలో ముందుచక్రముల వాటా ఎంత, వెనుక చక్రముల వాటా ఎంత అన్నది. రెట్టింపు బరువు మోసిన టైరు రెట్టింపు పట్టు ఇయ్యదు. కొంత తక్కువే ఇచ్చును. కనుక ఏ ప్రక్క గట్టిపరచిన ఆ ప్రక్క పట్టు ముందుగా జారును. ముందు జారిన కారు వంపు తిరుగక నేరుగా పోజూచును. నడుపువాడు వేగము తగ్గించిన అది సర్దుకొనును. వెనుక జారినది గిరుక్కున తిరిగిపోవును. వాననాడు ఇంటికి మరలు దారిలో ఈ రెండవది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. వెనుక స్ప్రింగులు మాత్రమే, లేక వెనుక ఒరుగుడు కడ్డీ మాత్రమే గట్టిది వేయుట నాకు సమ్మతము కాదు.

షాకబ్జర్బరు అను పేరే తప్పుదారి పట్టించును. దెబ్బను మ్రింగునది స్ప్రింగు. ఇది ఆ తరువాతి ఊపును అణచునది. గొట్టములో నూనె, దానిలో కదలు ముషలకము, ముషలకమునకు సన్నని రంధ్రములు. నూనె ఆ రంధ్రములగుండ దూరుటకు పడు శ్రమయే ఊపులోని శక్తిని వేడిగా మార్చును. పందెపు బాటపై కొన్ని చుట్లు తిరుగుసరికి ఈ వేడి పెరిగి, మామూలు గొట్టములలో నూనె గాలితో కలిసి నురుగెత్తును. నురుగు సులభముగా అణగిపోవును గనుక షాకబ్జర్బరు నీరసించును. దీనికి విరుగుడుగా ద కార్బోన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒకే గొట్టములో నూనెను, పీడనముతో నింపిన వాయువును ఒక కదలు బిళ్లతో వేరుపరచు పద్ధతిని రూపొందించెను. జర్మనీలోని బిల్‌స్టైన్ కంపెనీవారు 1957లో ఇట్టి వానిని మెర్సిడెస్ బెంజ్ కార్లకొరకు పెద్దయెత్తున తయారుచేసిరి.

స్ప్రింగును మార్చి షాకబ్జర్బరును మార్చకుండుట తరచు జరుగు తప్పిదము. చౌకగా పోవునని చేయుదురు. స్ప్రింగు 1.8 రెట్లు గట్టిదైనచో, ఊపును మునుపటివలెనే అణచుటకు షాకబ్జర్బరు దాని వర్గమూలమంత, అనగా సుమారు 1.3 రెట్లు గట్టిగా ఉండవలెను. లేనిచో కారు ఒకసారి ఊగి ఆగవలసినచోట మూడు నాలుగుసార్లు ఊగును.

అట్లని మితిమీరిన గట్టిదనమును కూడదు. షాకబ్జర్బరు రెండు పనులు చేయవలెను. కారు శరీరము సెకండుకు ఒకటి రెండుసార్లు నెమ్మదిగా ఊగును. చక్రమైతే టైరే స్ప్రింగుగా సుమారు పన్నెండుసార్లు అదరును. ఒరుగుటలో ముషలకము మెల్లగా కదలును. గతుకు తగిలినప్పుడు దూసుకొనిపోవును. మంచి షాకబ్జర్బరు మెల్లని కదలికను గట్టిగా పట్టి, వేగపు కదలికకు దారి ఇచ్చును. చౌకరకములపై "ముప్పది మెట్లు" అని వ్రాసియున్న మర సాధారణముగా మెల్లని కదలికనే మార్చును. మెట్లు లెక్కపెట్టి కొనుటకంటె, తాను వేయబోవు స్ప్రింగుకు తగినట్లు కవాటములు సరిచేసి ఇత్తురా అని అడిగి కొనుట మేలు. నూర్బర్గ్‌రింగ్ బిలియర్డు బల్ల వంటి బాట కాదు. దానిలో కరుసెల్ అను కాంక్రీటు గుంత వంపు ఉన్నది. ప్ఫ్లాన్ట్స్‌గార్టెన్ వద్ద కార్లు నేల విడిచి గంతువేయును. ఇక్కడ చక్రము పైకి పోవుటకు చోటు కావలెను.

ఆ చోటే ఎంఎక్స్-5లో మొదటినుండి తక్కువ. కారును 4 సెం.మీ. దించినవాడు ఉన్నదానిలో చాల భాగమును పోగొట్టుకొనును. అప్పుడు వంపులోనే చక్రము అడ్డురబ్బరును తాకును. తాకిన క్షణమున ఆ మూల గట్టిదనము ఒక్కసారిగా పెరిగి, టైరు పట్టు విడుచును. నేల కానుకొన్న కారు అందముగా కనబడును, నిజమే.

కనుక వారములో ఐదు దినములు ఆఫీసుకు పోవు యజమాని 1.6 నుండి 1.8 వరకు పౌనఃపున్యమును, 2 సెం.మీ.కు మించని దింపుడును, ఆ స్ప్రింగుకే సరిచేసిన షాకబ్జర్బర్లను ఎన్నుకొనుట యుక్తమని నా అభిప్రాయము. వెనుక పౌనఃపున్యము ముందుకంటె కొంచెము ఎక్కువగా ఉండవలెను. వెనుక చక్రము గతుకును ఆలస్యముగా తాకును. గంటకు 60 కి.మీ. వేగమున ఈ కారులో ఆ ఆలస్యము 0.14 సెకండు. వెనుక భాగము త్వరగా ఊగిననే ముందుభాగమును అందుకొని, రెండును కలిసి కదలును. 1930 దశకమున అమెరికాలో కాడిలాక్ కార్లపై పనిచేసిన మారిస్ ఆలీ అను ఇంజనీరు దీనిని ప్రయోగములతో చూపెను. ఇందుకొరకు వెనుక గట్టిపరచునప్పుడు ముందు ఒరుగుడు కడ్డీతో వాటా సరిచూచుకొనవలెను. డబ్బు చాలనిచో మొదట మంచి టైర్లు కొనవలెను, స్ప్రింగులు తరువాత. జర్మనీలో అయితే కొను వస్తువునకు ఆమోదపత్రము ఉన్నదో లేదో చూడవలెను. తనిఖీ చేయించి బండి కాగితములలో వ్రాయింపవలసిన వస్తువును అట్లు చేయకున్న బండి నడుపు అనుమతియే రద్దు కావచ్చును.

అమర్చునప్పుడు ఒక చిన్న విషయము. చక్రపు చేతుల కీళ్లలో రబ్బరు బుష్షులు ఉండును. జాకీపై కారు వ్రేలాడుచుండగా బోల్టులు బిగించినచో, కారును దింపగానే ఆ రబ్బరు మెలిపడి, తానే ఒక స్ప్రింగై, కొన్నాళ్లకు చిరుగును. బోల్టులను వదులుగా ఉంచి, కారును దింపి, చక్రములు నేలపై నిలిచిన తరువాత బిగింపవలెను. పిమ్మట నడుపువాని సీటులో అతని బరువుంచి చక్రముల కోణములు సరిచూపించుకొనవలెను.