నేలపై నిలిచి విమానము నడుపుట

మన యింటి రేడియోలో పాటను వినిపించు తరంగమునకును, మైదానములో చిన్న విమానమును త్రిప్పు తరంగమునకును జాతిభేదము లేదు, భేదమంతయు పొడవులోనే. మధ్యతరంగ ప్రసారములలో ఒక్కొక్క తరంగము వందల మీటర్ల పొడవుండును. నేటి నమూనా విమానములకు వాడు 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగపు పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు మాత్రమే.

ఈ విద్య క్రొత్తది కాదు. 1898లో నికొలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవను తీగ లేకుండ నడిపి చూపెను. 1937లో అమెరికాలో వాల్టర్ గుడ్, విలియమ్ గుడ్ అను కవల సోదరులు ‘గఫ్’ అను నమూనా విమానమును రేడియోతో నడిపిరి. 2003లో మేనార్డ్ హిల్ బృందము నిర్మించిన, 5 కిలోలైనను తూగని విమానము, నడిసముద్రమున స్వయంచోదక యంత్రపు సాయముతో, 38 గంటలకు పైగా ఎగిరి అట్లాంటిక్ మహాసముద్రమును దాటెను.

ఇందలి ఏర్పాటు సులభముగనే బోధపడును. చేతిలోని ట్రాన్స్‌మిటరుపై పుల్లను కదపగనే ఆజ్ఞ తరంగరూపమున బయలుదేరును. విమానములోని రిసీవరు దానిని గ్రహించి, సర్వోలను చిన్న మోటారులకు అందించును. అవి సన్నని కడ్డీలతో చుక్కానిని, ఎలివేటరును కదపును. చుక్కాని ప్రక్కలకు త్రిప్పును. ఎలివేటరు ముక్కును పైకి, క్రిందికి మార్చును. మూడవ ఆజ్ఞ మోటారు వేగమును నిర్ణయించును. నేర్చువారికి తొలుత ఈ మూడును చాలును.

యుద్ధవిమానపు నమూనా చూడ ముచ్చటగ నుండును గాని, అభ్యాసమునకు పనికిరాదు. రెక్క శరీరమునకు పైభాగమున అమరి, రెండు కొనలును కొంచెము పైకి లేచియున్న నురుగుపలక విమానము మేలు. ఒరిగినను అది తనంతట సరియగుటకు యత్నించును. విరిగినను జిగురుతో అతుకవచ్చును.

ఎగురవేయుటకు ముందు తూకము చూడవలెను. సాధారణముగా రెక్క ముందంచు నుండి వెడల్పులో నాలుగవ వంతుకును మూడవ వంతుకును నడుమ రెండు వ్రేళ్లపై నిలిపినచో విమానము సమముగా నిలువవలెను. తోక బరువైనచో అది అదుపులో నుండదు. లిథియమ్ పాలిమర్ బ్యాటరీని దానికై చేసిన ఛార్జరుతోనే, మనిషి దగ్గర నుండగానే నింపవలెను. ఉబ్బినదానిని వాడరాదు, అగ్నిప్రమాదము కలుగును. ముందు ట్రాన్స్‌మిటరు వేసి, పిదప విమానములోని బ్యాటరీని కలుపవలెను. ముగించునపుడు ముందు విమానమునే ఆపవలెను. తిరుగు పంకా వ్రేళ్లను కోయగలదు గనుక పిల్లలను దూరముగ నుంచవలెను.

గాలి పలుచగ నుండు ఉదయపువేళ, గాలికి ఎదురుగా ఎగురవేయుట మంచిది. అసలు చిక్కు మలుపులో వచ్చును. విమానము మననుండి దూరముగ పోవునపుడు దాని కుడియెడమలు మన కుడియెడమలే. మనవైపు తిరుగగనే అవి తారుమారగును. క్రొత్తవారి విమానములు పెక్కు ఇచ్చటనే నేలకూలును. దీనికొక ఉపాయము కలదు: విమానము ఎదురుగ వచ్చునపుడు ఏ వైపు రెక్క క్రిందికి ఒరిగినట్లు కనిపించునో, ఆ వైపునకే పుల్లను జరుపవలెను. ఆ రెక్క లేచును. ఈ అభ్యాసమునకు కంప్యూటరుపై నడుపు కృత్రిమ విమానమును మేము సిఫారసు చేయుదుము. అక్కడ ఎన్నిమారులు కూలినను ఖర్చు లేదు. రెండు ట్రాన్స్‌మిటరులను కలిపి, గురువు ఒకటి, శిష్యుడు ఒకటి పట్టి నేర్చు పద్ధతియు కలదు. తప్పు జరుగగనే గురువు విమానమును తన అదుపులోనికి తీసికొనును.

విమానము ఎల్లప్పుడు కంటికి కనిపించుచుండవలెను. మన దేశమున 2021 నాటి డ్రోన్ నియమములు నమూనా విమానములకును వర్తించును. డిజిటల్ స్కై పటములో ఆకుపచ్చగ చూపిన ప్రాంతమున సాధారణముగా 400 అడుగుల ఎత్తు వరకే అనుమతి. విమానాశ్రయముల చెంత కట్టుబాట్లు కఠినముగ నుండును. జనసమూహములపైన, విద్యుత్తీగల దరిని ఎన్నడును ఎగురవేయరాదు. వేగముగ వచ్చు కిలో బరువు వస్తువు, బొమ్మయే యైనను, మనిషిని గాయపరచగలదు.

తొలిదినమున విన్యాసములకు పోక, ఎత్తుగ నాలుగు విశాలమైన చుట్లు తిప్పి, బ్యాటరీలో శక్తి మిగిలియుండగానే దింపవలెను. చెక్కుచెదరక దిగిన విమానమే మరునాటి పాఠమునకు ఆధారము.