మంత్రగత్తె అన్న పేరు కోరి తెచ్చుకొన్నవారు

ఛత్తీస్‌గఢ్ పల్లెలలో శ్రావణ అమావాస్యనాడు ‘హరేలీ’ పండుగ జరుపుకొంటారు. ఉత్తరాది పంచాంగంలో మాసం పూర్ణిమతో ముగుస్తుంది గనుక మన లెక్కకు అది ఆషాఢ అమావాస్య. కోస్తా జిల్లాలవారు చుక్కల అమావాస్య అని పిలిచే రోజే. పొలాలు పచ్చబడిన సంతోషంలో రైతు నాగలినీ పారనూ కడిగి పూజిస్తాడు. ఇంట బియ్యప్పిండి అట్లు పోస్తారు. పిల్లలు ‘గేడీ’ అనే వెదురు కొయ్యకాళ్ల మీద వీధులు తిరుగుతారు. ఇంత వేడుకలోనూ ఒక భయం పొంచి ఉంటుంది. ఇంటి ముంగిట వేపరెమ్మలు కట్టడమూ, కమ్మరి వచ్చి ద్వారబంధానికి ఇనుపమేకు దిగగొట్టడమూ ఆ భయం వల్లనే. ఆ రాత్రి ‘టోనహీ’ సంచరిస్తుందని నమ్మకం. టోనహీ అంటే మంత్రగత్తె.

ఇనుముతోనే బ్రతికే పట్టణం అక్కడికి ఎంతో దూరంలో లేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒడంబడిక ఫలితంగా వెలసిన భిలాయి కర్మాగారంలో మొదటి కొలిమిని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశమంతటా రైళ్లు నడిచే పట్టాలు ఇక్కడ తయారవుతాయి. తెలుగువారితో సహా ఎన్నో రాష్ట్రాలవారు వచ్చి ఈ సెక్టార్లలో స్థిరపడ్డారు. అయినా యంత్రం వచ్చినంత మాత్రాన భయం పోదు. నిర్మాణకాలంలో కొలిమికి నరబలి కావాలట అన్న పుకారు చుట్టుపక్కల పల్లెలను గడగడలాడించింది. భిలాయిని ఏళ్ల తరబడి పరిశీలించిన మానవశాస్త్రజ్ఞుడు జొనాథన్ పారీ ఈ సంగతి గురించి విపులంగా వ్రాశాడు.

టోనహీ అన్న నింద పడిన స్త్రీ గతి వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగునాట చేతబడి, బాణామతి పేరిట జరిగిన ఘోరాలను ఎరిగినవారు దానిని ఊహించగలరు. నింద పడేది తరచుగా వితంతువు మీద, వృద్ధురాలి మీద, దిక్కులేనిదాని మీద. దాయాదుల కన్ను పడిన పొలం ఉంటే మరీ సులభం. అందుకే ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2005లో ప్రత్యేక చట్టం చేసింది. ఒకరిని టోనహీ అని వేలెత్తి చూపితే మూడేళ్ల వరకు, హింసిస్తే ఐదేళ్ల వరకు కఠిన శిక్ష.

ఇంత చేటు తెచ్చే పేరును ఎవరైనా కోరి తలకెత్తుకొంటారా? ఎత్తుకొన్నారు. ఇంగ్లండు, వేల్సులలో 2021 జనాభా లెక్కల సమయాన తమ మతం ‘విక్కా’ అని వ్రాయించుకొన్నవారు సుమారు 13,000 మంది. అది పాత ఇంగ్లీషు మాట; మంత్రగాడు అని అర్థం. ఇంగ్లీషులో మంత్రగత్తెకు వాడే మాట కూడా అక్కడినుండి వచ్చినదే.

ఈ మార్గానికి మూలపురుషుడు జెరాల్డ్ గార్డనర్. సింహళంలో, మలయాలో తోటలలోనూ కస్టమ్స్ శాఖలోనూ పనిచేసి 1936లో విశ్రాంతి తీసుకొన్న ఆంగ్లేయుడు. మంత్రవిద్యకు సంబంధించిన 1735 నాటి చట్టం 1951లో రద్దయిన తరువాత, 1954లో ఆయన గ్రంథం వెలువడింది. క్రైస్తవానికి ముందునుండీ రహస్యంగా సాగివచ్చిన మతాన్ని తాను కనుగొన్నానని ఆయన వాదన. దానికి ఆధారమైన సిద్ధాంతం మన కలకత్తాలో పుట్టిన మార్గరెట్ మర్రే 1921లో ప్రచురించినది. చరిత్రకారులు ఆ సిద్ధాంతాన్ని ఎన్నడో త్రోసిపుచ్చారు. విక్కా ఇరవయ్యవ శతాబ్దపు సృష్టియేనని 1999లో రొనాల్డ్ హటన్ సవిస్తరంగా నిరూపించాడు. ఇక్కడే వింత ఉన్నది. వంశావళి కల్పితమని తేలినా వచ్చేవారు రావడం మానలేదు. విక్కాను అవలంబించేవారిలో పలువురు హటన్ గ్రంథాన్ని ఆదరంగా చదివారు కూడా.

వారు వెదుకుతున్నది ప్రాచీనతను కాదన్నమాట. వారికి కావలసినది ఏటి పొడుగునా నడిచే ఒక క్రమం. విక్కాలో సంవత్సరానికి ఎనిమిది పండుగలు: ఉత్తరాయణ దక్షిణాయనాల మలుపులు, పగలూ రాత్రీ సమానమయ్యే దినాలు, వాటి నడుమ పంటల పండుగలు. అక్టోబరు 31 పితరులను తలచుకొనే రాత్రి. మన మహాలయ అమావాస్య వంటిది. విద్యుద్దీపాల క్రింద కాలమే మరచిన నగరవాసికి చంద్రుని వృద్ధిక్షయాలను గమనించమని చెప్పే సాధన ఎంత ఊరట కలిగిస్తుందో ఆలోచించవచ్చు. రెండవది, దేవత. తండ్రి రూపంలోనే దైవాన్ని ఎరిగిన పాశ్చాత్య స్త్రీకి, తల్లిని పూజించే, స్త్రీయే పూజారిణి అయ్యే మార్గం కొత్త తలుపు తెరచింది. ఇక ఒక్క గ్రంథమూ, ఒక్క పీఠమూ లేవు. 1988లో స్కాట్ కన్నింగ్‌హామ్ ఏకాంత సాధకుల కోసం పుస్తకం వ్రాసిన తరువాత గురువు కూడా తప్పనిసరి కాలేదు. స్వేచ్ఛ ఇంత ఉన్నందువల్ల నిలకడ తక్కువ అన్న విమర్శలో నిజం లేకపోలేదు. ఎవరికీ కీడు చేయరాదన్నది మాత్రం అందరికీ సమ్మతమైన నియమం. చేసినది మూడింతలై తిరిగివస్తుందని పలువురి నమ్మకం.

ఋతువుల పండుగలూ, అమ్మవారూ తెలుగు పాఠకునికి కొత్త కాదు. బతుకమ్మ పేర్చే ఊరిలో, పోచమ్మకు బోనమెత్తే ఊరిలో విక్కా చెప్పేదానిలో సగం వాడుకలో ఉన్నదే. తక్కిన సగమే, అంటే ఆ పేరే, మనకు మింగుడుపడదు.

భారతదేశంలో ఆ పేరును ధైర్యంగా ధరించిన వ్యక్తి ఇప్సితా రాయ్ చక్రవర్తి. దౌత్యోద్యోగి కుమార్తెగా కెనడాలో ఈ విద్య నేర్చి, 1980వ దశకంలో తాను మంత్రగత్తెనని కలకత్తాలో బహిరంగంగా ప్రకటించారు. 2000లో ఆమె ఆత్మకథ వెలువడింది. స్త్రీలో ఉండే శక్తికి లోకం భయపడి పెట్టిన పేరే ఇదని, దానిని స్త్రీలే తిరిగి తీసుకోవాలని ఆమె భావన. ఆకర్షణకు అసలు కారణం బహుశా ఇదే. తిట్టును బిరుదుగా మార్చుకోవడంలో ఒక గర్వం ఉన్నది. అయితే చదువూ, అంతస్తూ, నగరమూ అండగా ఉన్నవారికే ఆ గర్వం సాధ్యం. దుర్గ్ జిల్లా పల్లెలోని వితంతువు అదే మాట తన నోట అంటే ఏమవుతుందో ఊహించనైనా భయం వేస్తుంది. కీడు చేసే శక్తి తనకు ఉన్నదని బహిరంగంగా చెప్పుకొన్నవారికి కూడా 2005 చట్టం ఏడాది వరకు శిక్ష విధిస్తుంది. కీడు చేయనని వ్రతం పూనిన విక్కా సాధకురాలికి అది వర్తించదు గాని, ఊరి రచ్చబండ వద్ద ఈ తేడా వివరించేదెవరు?

రాయ్‌పూర్‌లో నేత్రవైద్యుడు దినేశ్ మిశ్రా, మూఢనమ్మకాలపై పనిచేసే తమ సమితి తరఫున ఏళ్ల తరబడి పల్లెలు తిరుగుతూ, టోనహీ అనేది లేదని చెబుతున్నారు. పొరుగున ఉన్న జార్ఖండ్‌లో ఛుట్నీ దేవి అనే గ్రామీణ స్త్రీపై 1995లో ఊరివారు మంత్రగత్తె అన్న ముద్ర వేసి హింసించి వెళ్లగొట్టారు. ఆమె ఆ పేరును బిరుదుగా చేసుకోలేదు. అదే నింద పడిన ఇతర స్త్రీలకు అండగా నిలిచింది. 2021లో ఆమెకు పద్మశ్రీ ప్రకటించారు.