చెడుగుడు బరిలో క్రొత్త తీర్పరి



సంక్రాంతి దినములలో మన రేగడి పల్లెలయందు ప్రసిద్ధములైన పోటీలు రెండు. ఒకటి ఎడ్ల బండలాగుడు, రెండవది చెడుగుడు. మొదటిదానిలో నియమిత కాలమున బండ యెంత దూరము కదలినదో టేపు పట్టి అడుగులలో లెక్కింతురు. రెండవదానిలో అట్టి సాధనము లేదు. కూతకు పోయినవాని వ్రేలికొన ఎదిరివాని భుజమును తాకెనా లేదా యనునది రెప్పపాటులో ముగియును. దాని జాడ నేలపై నిలువదు. అచ్చట తీర్పరి కన్నే కొలబద్ద. హైస్కూలు పోటీలకు క్రొత్తగా తీర్పరులై వచ్చు యువకుల కన్నును నిలకడపరచుట యెట్లు? ఇదియే నేటి ప్రసంగ విషయము.

మన చెడుగుడు నేడు కబడ్డీ యను పేర దేశమంతట వ్యాపించినది. 1936లో బెర్లిను ఒలింపిక్సు సందర్భమున ప్రదర్శింపబడినది. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పోటీగా ప్రవేశించినది. పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. పక్షమునకు ఏడుగురు. ఒక్కొక్క కూతకు 30 సెకండ్లు. ఆట నడుపుటకు ఒక రిఫరీయు, ఇరుప్రక్కల ఇద్దరు అంపైర్లును ఉందురు.

నేను తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. పాఠశాల బరి యొద్ద అట్టి యువకుల ప్రక్కన పలుమారులు నిలిచితిని. నిబంధనలు వారికి కంఠస్థములే. అయినను మొదటి ఆటలో చేయి వణకును. చూచినదానికిని ఊహించినదానికిని గల భేదము వారి మనస్సున ఇంకను స్థిరపడకుండుటయే కారణము. న్యాయశాస్త్రమున ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగు. తీర్పరికి ప్రత్యక్ష మొక్కటియే ప్రమాణము. ఎదిరివాడు తూలెను గనుక తాకుడు పడియుండు ననుట అనుమానము. గుంపు వేయు కేక శబ్దమే గాని ఆప్తవాక్యము గాదు. కన్నదానికే ఈల వేయుము, కననిదానికి వేయకుము అనుట మొదటి పాఠము.

రెండవ పాఠము నిలుచు చోటు. అంపైరు ప్రక్కగీత వెంబడి కూతగానితోపాటు కదలవలెను. వెనుకబడినచో ఆటగాండ్ర వీపులే అడ్డమగును. గీతలపై కన్నును, కూతపై చెవియు ఏకకాలమున నిలుపుట ఒక్కనాట అలవడదు. 1891లో అమెరికాలో బాస్కెట్ బాల్ ఆటను కల్పించిన జేమ్స్ నైస్మిత్ దొర సైతము ఆటగాండ్ర తప్పులు చూచుటకు ఒకరిని, బంతిని చూచుటకు వేరొకరిని నియమించెను. కావున అభ్యాసపు ఆటలలో మొదట గీతలు మాత్రమే చూడుమనవలెను, పిమ్మట తాకుడు, ఆ పిమ్మట కూత.

మూడవ పాఠము నేర్పువానికి. ఆట నడుచుచుండగా శిష్యుని దిద్దరాదు. నలుగురిలో దిద్దబడినవాడు అటుపై బరిని చూడడు, గురువు ముఖమును చూచును. ఆట ముగిసిన వెనుక చెట్టునీడకు పిలిచి, "నాయనా, అప్పుడు నీ వెచ్చట నిలిచితివి? ఏమి చూచితివి?" అని వానినే అడుగవలెను. చోటు తప్పినందున చూపు తప్పినదని వాడే గ్రహించును. ఒకనాడు ఒక్క దోషమునే దిద్దిన చాలును.

మిరపకోతల నడుమ తీరిక చేసికొని మనుమల ఆట చూడవచ్చు పెద్దలకు నా విన్నపము. గుంటూరు మిరప యార్డులో కేకలు వేసినంతమాత్రమున కాటాపై బస్తా బరువు పెరుగదు. బరిలోని కాటా యువకుని మనస్సు. అది కేకలకు ఒరగును. ఒకసారి ఒరగెనా, గొంతు పెద్దదైన పక్షమే గెలుచునని పిల్లలు నేర్చుకొందురు. ఆ విద్య బరితో ఆగదు. రేపు గట్టు తగవునకును, పంచాయతీకిని వచ్చును. నిందలు పడిన యువకుడు మరుసటి యేడు ఈల పట్టడు. తీర్పరి లేని ఆట కొట్లాటయే.

కావున క్రొత్తవానిని స్వగ్రామ పక్షము ఆడు ఆటకు నిలుపకుడు. సందేహము కలిగినచో జట్టు నాయకునిచేతనే మర్యాదగా అడిగింపుడు. మీ పక్షము ఓడిన దినమున సైతము వాని కడకు పోయి, "మరల రమ్ము, నాయనా" అని ఒక్కమాట చెప్పుడు. ఓడినవారి పెద్ద నోట వచ్చిన ఆ మాట వానికి మా పాఠము లన్నిటికంటె ఎక్కువ ధైర్య మిచ్చును.