పదప్రహేళికాప్రియులకు మామిడితోపున నొక సభ

ఉదయమున పత్రిక చేతికి రాగానే రాజకీయవార్తలను, ధరవరలను దాటి, గళ్లు గీసిన మూలకు నేరుగా దృష్టి సారించు పాఠకుడు ప్రతిగ్రామమునను ఒకడైన గలడు. అరుగుమీద కూర్చుండి, చెవిసందున పెన్సిలు పెట్టుకొని, నాలుగక్షరముల మాటకొఱకు మధ్యాహ్నమువఱకు తపించుచుండును. పొరుగువీథిలో అదే గడికడ, అదే మాటకొఱకు మఱియొకడు తపించుచున్నాడని యీతడెఱుగడు. భజనకు సమాజములున్నవి, చదరంగమునకు పోటీలున్నవి, ఎడ్లకు సయితము బండలాగుడు పందెములున్నవి. మాటలను వెదకువారికి మాత్రము కూడుకొను చోటు లేదు. అట్టివారి కొక సభ కావలెననియు, అది మహానగరమున గాక జి. కొండూరువంటి యూర జరుగవలెననియు మేము తలంచుచున్నాము.

ఇది పడమటివారినుండి యరువు తెచ్చుకొనిన వేడుక యని కొందఱనవచ్చును. గళ్ల రూపము పడమటిదే. 1913 డిసెంబరు 21వ తేదీన 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ అను నాతడు దానిని ప్రకటించెను. 1978లో విల్ షార్ట్జ్ అమెరికాలోని స్టాంఫర్డు పట్టణమున ప్రారంభించిన పోటీ నేటికిని సాగుచున్నది. అయినను మాటను మఱుగుపఱచి యడుగుటయు, నలుగురు కూడి దానిని విప్పుటయు మనకు క్రొత్త గాదు. వాత్స్యాయనుడు చతుష్షష్టి కళలలో ప్రహేళికను, సమస్యాపూరణమును జేర్చెను. దండి కావ్యాదర్శమున పదునాఱు విధముల ప్రహేళికలను వివరించుచు, గోష్ఠీవినోదములం దవి యుపయోగపడునని చెప్పెను. తిరుపతి వేంకటకవుల అవధానములకు జనము విరగబడి వచ్చుట యెందులకు? పృచ్ఛకుడు ఒక్కొక్క యక్షరమును నిషేధించుచుండగా అవధాని మఱియొక త్రోవను మాటను తెచ్చుట చూచుటకే గదా! శ్రీశ్రీ పదబంధప్రహేళికలు కూర్చెను. ఆరుద్ర గళ్లనుడికట్టు కట్టెను. అంతటి కవులు చిన్నతనముగా నెంచని పనిని మనము చిన్నచూపు చూడనక్కఱలేదు.

సభ జరుపుటయనగా షామియానా వేయుటతో తీరునది గాదు. మొట్టమొదట తీర్పవలసిన తగవు గడికి సంబంధించినది. ఆంగ్లమున గడి కొక అక్షరము. ఆ యక్షరములు మొత్తము ఇరువదియాఱు. తెలుగున గుణింతముతోను, ఒత్తుతోను కూడిన యక్షరమంతయు నొక్క గడిలో నిముడవలెను. 'మామిడి' నిలువుగా వచ్చినపుడు దాని 'డి'ని 'జీడి' యడ్డముగా దాటగలదు. 'తాండ్ర' వచ్చెనా, 'డ్ర' అను గడిని దాటు మాటలను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. 'పెన్సిల్' అని వ్రాసినచో చివరి పొల్లునకు వేఱు గడి యుండునా? 'వ్రాయుట'కు మాఱుగా 'రాయుట' సరిపోవునా? 'ఱ' యుండవలసినచోట 'ర' యుంచినవానికి మార్కు తగ్గింపవలెనా? ఇంట కూర్చుండి పూరించువానికి ఇవి చిన్న సందేహములు. పోటీకి కూర్చున్నవానికి కలహకారణములు. కావున సభకు నెలముందే నియమములను అచ్చువేసి యందఱకును పంపవలెను. 1852 నాటి బ్రౌను నిఘంటువు, 1885 నాటి శబ్దరత్నాకరము, సూర్యరాయాంధ్రనిఘంటువు సంపుటములు బల్లమీద నుండవలెను. వానిలో లేని పల్లెమాట వచ్చినచో, సభలోని నలుగురు పెద్దలు 'ఈమాట మాయూర నున్న'దని చెప్పినంతనే యంగీకరింపవలెను.

రెండవది ధనము. ఈ విషయమున మన పూర్వానుభవము చేదుగా నున్నది. ప్రవేశరుసుము పుచ్చుకొని, పెద్ద బహుమానములు చూపి, సరియైన మాటలు రెండుమూడుండగా కూర్పరి దాచిన మాటనే యూహింపుమను పోటీలు ఒకప్పుడు దేశమున ప్రబలినవి. వానిని అరికట్టుటకై పార్లమెంటు 1955లో బహుమానపోటీల చట్టమును చేసెను. అట్టి చట్టము కావలెనని తీర్మానించిన రాష్ట్రములలో నాటి ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రములు రెండును గలవు. నెలలో వేయిరూపాయలకు మించిన బహుమానములను, పోటీకి రెండువేలకు మించిన ప్రవేశపత్రములను ఆ చట్టము నిషేధించెను. 1957లో చమర్‌బాగ్‌వాలా వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఇది జూదప్రాయమైన పోటీలకే వర్తించుననియు, ముఖ్యముగా నేర్పుమీద నాధారపడినవానికి వర్తింపదనియు తీర్పు చెప్పెను. చట్టము విడిచిపెట్టినను దురాశ మనలను విడిచిపెట్టదు. కావున భోజనపు ఖర్చునకు మాత్రమే చందా పుచ్చుకొనవలెను, బహుమానముగా నిఘంటువు నీయవలెను, రొక్కము కూడదు. ఒక గడికి రెండుమాటలు సరిపోయినచో రెండింటికిని మార్కు లీయవలెను. ఆ లోపము కూర్పరిది, పూరించువానిది గాదు.

ఇక స్థలకాలములు. జి. కొండూరు విజయవాడనుండి మైలవరము పోవు త్రోవలో నున్నది. కొండపల్లి రైలుస్టేషను దగ్గఱ. నూజివీడు మామిడిసీమ యిది. వేసవిలో పండ్లు తినుచు సభ జరుపుదమను మిత్రులకు మా మనవి యేమనగా, చైత్రము మొదలు జ్యేష్ఠమువఱకు తోట రైతునకు కోత, ధర, లారీ తప్ప వేఱు ప్రహేళిక లేదు. అప్పుడతనిని పిలుచుట పరిహాసమగును. కార్తికమే తగిన కాలము. మామిడికోత యెప్పుడో ముగిసియుండును. పూత యింకను రాదు. వరికోతలు ముమ్మరము గాకముందే పని ముగింపవచ్చును. వనభోజనములకు జనము తోటలకు పోవు మాసమది. ఉసిరినీడ శాస్త్రసమ్మతము, మామిడినీడ అనుభవసమ్మతము. రెండవ శనివారము బడులకు సెలవు గనుక, ఆ శని యాదివారములు చాలును. తుపానుల కాలము గావున పోటీ బడిగదులలోను, భోజనము తోటలోను ఏర్పఱచుట క్షేమము.

ఫోనులు ద్వారమున నప్పగింపవలెను. మొదటిదినమున గడియారము పెట్టి పోటీ జరుపవచ్చును. 1942 జనవరిలో లండనునందలి 'డెయిలీ టెలిగ్రాఫ్' పత్రిక పండ్రెండు నిమిషములలో గళ్లు పూరింపగలవారిని పిలువగా, వచ్చినవారిలో కొందఱిని ప్రభుత్వము శత్రువుల రహస్యలిపిని విప్పు పనికి చేర్చుకొనెను. వేగమున కట్టి విలువ గలదు. కాని రెండవదినమే సభకు ప్రాణము కావలెనని మా కోరిక. కారణము చెప్పెదము.

ఇటీవల మే మొక తోటలో గళ్లు ముందుంచుకొని, 'సగము పండినది, రెండక్షరములు' అను ఆధారముకడ నాగిపోతిమి. ప్రక్కనున్న బాలుడు ఆంగ్లబడిలో చదువుచున్నాడు. ఆ మాట వాడెఱుగడు. ఎఱిగియు మేము మఱచితిమి. గంప దించుకొనుచున్న ముసలమ్మ మా సంశయము విని, 'దోర గదయ్యా!' యని నవ్వి పోయెను. ఆమెకు అక్షరము రాదు. మాట వచ్చును. మాకు అక్షరము వచ్చి మాట రాలేదు.

కావున రెండవదినమున చదువురాని పెద్ద నొకరిని, వ్రాయనేర్చిన బాలుని లేక బాలికను జంటగా కూర్చుండబెట్టి యొకే గళ్లపట మీయవలెను. పిందె, జీడి, టెంక, మాగవేయుట యను మాటలు ఒకరు పలుకుదురు. మఱియొకరు గడులలో నింపుదురు. ఏ జంట గెలిచినను ఆనాడు పుస్తకమున కెక్కని మాట లెన్నియో కాగితమున కెక్కును. పలుకువారుండగనే వానిని వ్రాసికొనవలెను. వారు పోయిన పిమ్మట ఏ నిఘంటువును వెదకినను దొరకవు. కొండూరువారు బడిగదులను తోటనీడను ఇచ్చిన, కూర్పరులు గళ్లను ఇచ్చిన, నిఘంటువులను మోసికొని వచ్చుటకు మేము సిద్ధముగా నున్నాము.