ఇంటికి తిరిగొచ్చిన బ్యాటరీ

2012లో చెన్నైలో రోజుకు రెండు గంటల కరెంటు కోత ఉండేది. సాలిగ్రామంలోని మా ఇంట్లో ఫ్యాను ఆగేది, టీవీ ఆగేది, మోడెమ్ దీపాలు ఆరిపోయేవి. హాల్లో స్టూలు మీది ల్యాండ్‌లైన్ మాత్రం ఎప్పట్లాగే మోగేది. అమ్మ విసనకర్రతో విసురుకుంటూ చీకట్లోనే విజయవాడ పిన్నితో కబుర్లు చెప్పేది. ఈమధ్య రాగి తీగ తీసేయించి ఫైబర్ పెట్టించాం. నంబరు పాతదే. మొదటిసారి కరెంటు పోయినప్పుడు అమ్మ రిసీవర్ ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. "ఇదేంట్రా, కరెంటు పోతే ఫోను కూడా పోతుందా?"

పాత ఫోను మన కరెంటు మీద బతకలేదు. దానికి కావలసిన 48 వోల్టులు ఎక్స్ఛేంజీలోని పెద్ద బ్యాటరీల నుంచి, మాట వచ్చే ఆ రెండు తీగల మీదే వచ్చేవి. ఆ బ్యాటరీల పాజిటివ్ కొసను నేలకు కలిపి, తీగను నెగటివ్‌గా ఉంచేవాళ్లు. తడి నేలలో రాగిని తుప్పు తినేయకుండా ఆ జాగ్రత్త. చెన్నైలాంటి సముద్రపు ఊళ్లో దాని విలువ లైన్‌మ్యాన్‌కే తెలుస్తుంది. గంట మోగించడానికి మాత్రం దాదాపు 75 వోల్టుల ఏసీ పంపేవాళ్లు. వీధిలో ఇళ్లకు లైన్లు పంచే డీపీ బాక్సులో తీగ పట్టుకుని ఉండగా ఎవరైనా ఫోను చేస్తే లైన్‌మ్యాన్ చెయ్యి జివ్వుమనేది. ఇక డయల్ అంటారా, వేలితో తిప్పి వదిలితే అది వెనక్కి తిరుగుతూ కరెంటును సెకనుకు పది చొప్పున తెంచేది. మూడుకు మూడుసార్లు, సున్నాకు పదిసార్లు. నాన్న డయల్‌కు తాళం వేసి ఆఫీసుకు వెళ్తే, రిసీవర్ పెట్టే మీటను లెక్క తప్పకుండా తట్టి నేనూ అన్నయ్యా నంబరు కలిపేవాళ్లం. బిల్లు వచ్చినప్పుడు ఇద్దరం దెబ్బలు తిన్నాం.

అసలు విశేషం ఏమిటంటే, ఈ బ్యాటరీ మొదట్లో ఇంట్లోనే ఉండేది. 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయిలతో పాటు మద్రాసులోనూ టెలిఫోన్ సేవ లాంఛనంగా మొదలైంది. ఆ కాలపు కార్బన్ మైకు ఫోన్లకు సెట్టు పక్కనే సెల్సు ఉండాలి. ఎక్స్ఛేంజీని పిలవాలంటే మాగ్నెటో పిడి తిప్పాలి. వేలాది ఇళ్లలో వేలాది సెల్సు ఎండిపోతుంటే ఎవరు తిరిగి మారుస్తారు? అందుకే పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో బ్యాటరీని ఎక్స్ఛేంజీకి తరలించడం మొదలుపెట్టారు. తర్వాత లోకమంతా అదే బాట పట్టింది. అమ్మకు కరెంటు కోతలోనూ డయల్ టోన్ వినిపించడానికి కారణం ఆ పాత నిర్ణయమే.

ఇంటర్నెట్ ఫోను పుట్టుక వేరే దారి. 1974 ఆగస్టులో ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్క్ అయిన అమెరికాలోని అర్పానెట్ మీద డానీ కోహెన్ తదితరులు మాటను ముక్కలు చేసి పంపి చూశారు. తర్వాతి ప్రయోగాల్లో వాడిన లీనియర్ ప్రిడిక్టివ్ కోడింగ్‌ను రూపొందించినవాళ్లలో బిష్ణు అటల్ ఒకరు. కాన్పూర్‌లో పుట్టి బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మనవాడు.

పాత పద్ధతిలో కాల్ కలిసిందంటే, మీరు మాట్లాడినా ఊరుకున్నా ఆ దారంతా మీదే. పెళ్లి ఊరేగింపుకు రోడ్డు ఆపేసినట్టు. నెట్‌లో మాట షేర్ ఆటో ఎక్కుతుంది. సాధారణంగా 20 మిల్లీ సెకన్ల గొంతును ఒక ప్యాకెట్‌గా కడతారు. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. పాత జి.711 పద్ధతిలో అయితే ఒక్కో దాంట్లో 160 బైట్ల మాట, దానికి 40 బైట్ల చిరునామా కాగితం. ఆటోలన్నీ ఒకే వేళకు చేరవు కనుక, అవతలి పెట్టె కాసేపు ఆగి, వరుస సరిచేసి వినిపిస్తుంది. మరీ ఆలస్యమైన ముక్కను పారేస్తుంది. "హలో... వినపడుతోందా?" అని మనం అరిచేది అప్పుడే.

మన దేశంలో ఈ ఫోనుకు చాలాకాలం చట్టమే అడ్డు. 1995 ఆగస్టు 15న మద్రాసుతో సహా నాలుగు మహానగరాల్లో ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ తెచ్చింది కానీ, దాని మీద మాట్లాడటానికి అనుమతి 2002 ఏప్రిల్ 1న వచ్చింది. అదీ సగమే. కంప్యూటర్ నుంచి అమెరికా ఫోనుకు చేయొచ్చు, మన ఊళ్లోనే ఉన్న అడయారు ఫోనుకు చేయకూడదు! ఆ చిక్కు 2018 దాకా పూర్తిగా వీడలేదు. ఈలోగా ఐఐటీ మద్రాసులో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం ఇంకో వైపు నుంచి వచ్చింది. లైనులో ఎక్కువ ఖర్చు ఇంటిదాకా లాగే రాగికేనని గుర్తించి, 1990లలో చెన్నైలోని మిడాస్ సంస్థతో కలిసి కార్‌డెక్ట్ అనే వైర్‌లెస్ పద్ధతి తయారుచేసింది. గొంతూ ఇంటర్నెట్టూ ఒకేసారి నడిచేవి. సెల్‌ఫోను ధరలు పడిపోవడంతో దాని ఊపు తగ్గింది. నాకిప్పటికీ అది అన్యాయమే అనిపిస్తుంది.

మరి ఏది మేలు? ఖర్చు మాటకొస్తే పోటీయే లేదు. డాలస్‌లోని అన్నయ్యతో గంట మాట్లాడటానికి ఒకప్పుడు ఐఎస్‌డీ బూత్ ముందు నిలబడి మీటరు అంకెలు చూస్తూ మాట మింగేవాళ్లం. గొంతులోనూ నెట్ మెరుగే. పాత లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యే వినిపించేది. "స" లోని బుస చాలావరకు ఆ పైనే ఉంటుంది కనుక పేర్లు అక్షరం అక్షరం చెప్పాల్సి వచ్చేది. గొంతును అంకెలుగా మార్చే కొత్త పద్ధతుల్లో (కోడెక్‌లలో) ఆ బాధ తక్కువ. రాగికి మిగిలిన గొప్ప ఒక్కటే, ఆ 48 వోల్టులు. వానాకాలంలో కేబుల్‌లోకి నీరు దిగితే ఆ గొప్పా గరగరలాడేది, అది వేరే సంగతి. ఇప్పుడు ఫైబర్‌తో వచ్చే "ల్యాండ్‌లైన్" కూడా లోపల నెట్ ఫోనే. పాత సెట్టు వేసుకున్న కొత్త యంత్రం. గాజు తీగ వెలుగును మోస్తుంది కానీ, ఫోనుకు కావలసిన కరెంటును మోయలేదు.

అందుకని ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్ వెళ్లి, ఫైబర్ పెట్టెకు సరిపడే 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొన్నాను. మూడు నాలుగు గంటలు ఆగుతుందన్నాడు దుకాణదారు. 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకు కొన్ని పేటల్లో కరెంటు రోజుల తరబడి లేదని గుర్తుచేస్తే నవ్వాడు.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఎన్నాళ్లు వస్తుంది?"

"రెండేళ్లు రావచ్చు. తర్వాత మార్చుకోవాలి."

"ఆ ఎక్స్ఛేంజీ వాళ్లు ఎప్పుడెప్పుడు మార్చేవాళ్లో, మనకొక్కసారైనా చెప్పారట్రా?" అంటూ దాన్ని స్టూలు కింద పెట్టింది.