శాటిలైట్ చెప్పే సముద్రం రంగు నిజమేనా? తేలాలంటే నీళ్లలో దిగి కొలవాల్సిందే!

విశాఖ ఫిషింగ్ హార్బర్ అయినా, కాకినాడ తీరమైనా.. బోటు కదలాలంటే ముందు డీజిల్ పోయించాలి, ఐస్ నింపాలి. వల ఖాళీగా వస్తే ఆ ఖర్చంతా నీళ్లపాలే. అందుకే చేపలు ఎటువైపు దొరికే ఛాన్స్ ఉందో ముందే చెప్పే సమాచారానికి మత్స్యకారుల దగ్గర అంత విలువ. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఈ సూచనలు ఇస్తోంది. ఏ తీరం నుంచి ఏ దిక్కున వెళ్లాలి, ఎంత దూరం వెళ్లాలి, అక్కడ లోతెంత.. ఇవన్నీ అందులో ఉంటాయి. వీటికి ఆధారం శాటిలైట్లు చూసే రెండు విషయాలు. ఒకటి సముద్రం పైపొర వేడి, రెండోది నీటి రంగు.

మరి వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి చూసిన రంగును నమ్మేదెలా?

రంగుకీ చేపకీ లింక్ ఏంటి?

సముద్రంలో కంటికి కనిపించనంత చిన్న మొక్కలు తేలుతూ ఉంటాయి. వీటినే ఫైటోప్లాంక్టన్ అంటారు. ఆకుల్లో ఉండే పత్రహరితమే, అంటే క్లోరోఫిల్, వీటిలోనూ ఉంటుంది. అది నీలం కాంతిని పీల్చేసుకుంటుంది. దాంతో ఇవి ఎక్కువగా ఉన్న చోట నీళ్లు పచ్చగా, లేని చోట ముదురు నీలంగా కనిపిస్తాయి. మేత ఉన్న చోటికి చిన్న చేపలు, వాటి వెనకే పెద్ద చేపలు.. లింక్ ఇదే.

అసలు చిక్కు గాలితో వస్తుంది. శాటిలైట్ కెమెరాకు చేరే వెలుగులో దాదాపు 90 శాతం సముద్రం నుంచి వచ్చింది కాదు. గాలి, దుమ్ము, తేమ చెదరగొట్టిన ఎండ అది. నీళ్లలోంచి పైకొచ్చిన వెలుగు 10 శాతం ఉంటే గొప్ప. ఆ 90ని లెక్కగట్టి తీసేస్తేనే అసలు రంగు బయటపడుతుంది. కెమెరా మొత్తం వెలుగును కేవలం అర శాతం తప్పుగా కొలిచిందనుకోండి.. మిగిలిన ఆ 10లో అది 5 శాతం తప్పు అయిపోతుంది. పైగా నింగిలోకి వెళ్లిన సెన్సర్ ఏళ్లు గడిచేకొద్దీ మందగిస్తుంది. కిందకు దించి రిపేర్ చేసే వీలు లేదు. నాసా వాడిన సీవిఫ్స్ అనే సెన్సర్‌ను ఇందుకే నెలకోసారి చంద్రుడి వైపు తిప్పి చూసేవారు. చంద్రుడి ఉపరితలం మారదు కాబట్టి, సెన్సర్ ఎంత మారిందో ఆ పోలికలో దొరికిపోతుంది.

కానీ చంద్రుడు చెప్పేది సెన్సర్ సంగతే. గాలి లెక్క సరిగ్గా తీసేశామా లేదా అన్నది చెప్పాల్సింది సముద్రమే.

హవాయిలో ఓ బోయా.. ఎన్నో శాటిలైట్లకు తూకంరాయి

హవాయి దీవుల్లోని లనాయి దగ్గర, తీరానికి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో, సుమారు 1200 మీటర్ల లోతు నీళ్లపై ‘మోబీ’ అనే బోయా తేలుతూ ఉంటుంది. 1997 నుంచి ఇది డ్యూటీలోనే ఉంది. నిటారుగా నిలబడే ఈ పొడవాటి బోయాకు నీటి కింద 1, 5, 9 మీటర్ల లోతుల్లో చేతుల్లాంటి కడ్డీలు ఉంటాయి. పైనుంచి దిగే వెలుగెంత, కింది నుంచి పైకొచ్చే వెలుగెంత అని వాటికున్న పరికరాలు కొలుస్తాయి. శాటిలైట్ సరిగ్గా అదే చోటు మీదుగా వెళ్లినప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెడతారు. తేడా ఉంటే శాటిలైట్ లెక్కనే సరిచేస్తారు.

అలాగని బోయాను గుడ్డిగా నమ్మడమూ ఉండదు. సముద్రంలో ఏది ఉంచినా నాచు, పాకురు పట్టేస్తుంది. అందుకే డైవర్లు దిగి అద్దాలు శుభ్రం చేస్తారు. కొన్ని నెలలకోసారి బోయానే మార్చేస్తారు. తీసిన దాన్ని ల్యాబ్‌లో మళ్లీ పరీక్షిస్తారు. ఇంత చాకిరీ ఒక్క రంగు కోసమా అనిపించొచ్చు.. కానీ సీవిఫ్స్ తర్వాత వచ్చిన మోడిస్, వీర్స్ సెన్సర్లకూ ఇదే తూకంరాయి అయింది. మన దగ్గర ఇలాంటి పనికి లక్షద్వీప్‌లోని కవరత్తి దగ్గర ఇస్రో ఆప్టికల్ బోయా పెట్టింది.

వెలుగు కొలవడం ఒక ఎత్తు, క్లోరోఫిల్ కొలవడం మరో ఎత్తు. పరిశోధన నౌక మీద నుంచి సీసాల్లో నీళ్లు తోడతారు. సన్నని గాజు పీచు ఫిల్టర్‌లో వడకడతారు. మసక వెలుతురులోనే ఈ పనంతా జరగాలి, లేదంటే క్లోరోఫిల్ పాడైపోతుంది. ఆ ఫిల్టర్‌ను లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి ఒడ్డుకు తెస్తారు. అసిటోన్‌లో నానబెట్టి, నీలం కాంతి కొడితే క్లోరోఫిల్ ఎర్రగా మెరుస్తుంది. ఆ మెరుపే కొలత. నౌక నీడ పడినా రంగు లెక్క తప్పుతుంది కాబట్టి, వెలుగు కొలిచే పరికరాన్ని నౌకకు దూరంగా జారనిచ్చి దించుతారు.

ఇంత చేశాక శాటిలైట్ లెక్క ఎంత దగ్గరగా ఉంటే పాస్ అయినట్టు? లోతైన సముద్రంలో క్లోరోఫిల్‌కు పెట్టుకున్న టార్గెట్ 35 శాతం తేడా లోపు. ఇంత తేడానా అని ఆశ్చర్యపోవద్దు. ఒకచోట ఘనపు మీటరు నీటిలో మిల్లీగ్రాములో 20వ వంతు కూడా లేని క్లోరోఫిల్, ఇంకోచోట పదుల మిల్లీగ్రాములు ఉంటుంది. వందల రెట్ల తేడా ఉన్న చోట 35 శాతం చిన్నదే.

గోదావరి నీళ్లొస్తే లెక్క మారుతుంది

ఒడ్డుకు దగ్గరయ్యేకొద్దీ కథ వేరు. వరదల సీజన్‌లో గోదావరి, కృష్ణ మోసుకొచ్చే బురద, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే పసుపు రంగు సముద్రంలో కలుస్తాయి. ఈ పసుపు పదార్థం కూడా నీలం కాంతినే మింగేస్తుంది. దాంతో నడిసముద్రం కోసం రాసిన ఫార్ములా దాన్నీ క్లోరోఫిల్ ఖాతాలోనే వేసేస్తుంది. మేత లేని చోట మేత ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఇక్కడే. హవాయి నీళ్ల కొలతలు దీన్ని పట్టుకోలేవు. మన తీరంలో, మన నీళ్లలోనే కొలవాలి. ఇన్‌కాయిస్ ‘సాట్‌కోర్’ కార్యక్రమం కింద మన తీరాల్లో ఇలాంటి నమూనాలు సేకరించింది.

పోల్చడంలోనూ ఓ తిరకాసు ఉంది. శాటిలైట్ చూసే ఒక్కో చుక్క వందల మీటర్ల మేర ఉంటుంది. సీసాలో పట్టేది కొన్ని లీటర్లే. రెండు కొలతల మధ్య టైమ్ గ్యాప్ కూడా కొన్ని గంటలు దాటితే, ఆలోపు నీళ్లు కొట్టుకుపోయి పోలికకు అర్థం ఉండదు. మబ్బు పడితే అదీ లేదు. నౌకలో నెల రోజులు తిరిగినా పనికొచ్చే పోలికలు కొన్నే దొరుకుతాయి.

2022 నవంబర్ 26న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ54 మోసుకెళ్లిన ఈఓఎస్-06, అంటే ఓషన్‌శాట్-3, రంగును 13 బ్యాండ్లలో చూస్తుంది. ఓషన్‌శాట్-2కు ఉన్నవి 8. బ్యాండ్లు పెరిగితే బురదనూ క్లోరోఫిల్‌నూ విడదీయడానికి ఎక్కువ ఆధారాలు దొరుకుతాయి. వాటినీ ఎప్పటికప్పుడు సీసాల్లో నీళ్లతో సరిచూస్తూ ఉండాల్సిందే. మత్స్యకారులకైతే ఒక విషయం గుర్తుండాలి.. మబ్బు కమ్మిన రోజుల్లో, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ సమయంలో ఈ చేపల సూచనలు రావు.