మంచునది నడుమ కాపలాదారు

పెద్ద నది నడుమ ఒక దీవి. దీవిపై ఒక వేసవి క్లబ్బు. ఆకు రాలు కాలమున సభ్యులందరును వెడలిపోయిన పిదప, మరల వసంతము వచ్చువరకు ఆ క్లబ్బును కాచుకొని యుండునది ఒక మనిషి, లేదా ఒక చిన్న కుటుంబము. అట్టి కాపలాదారు చలికాలపు జీవితమును గూర్చి నేడు ముచ్చటింప దలచితిమి. వినినంతనే ఇది మిక్కిలి తీరిక గల కొలువని తోచును. అతిథులు లేరు, ఆజ్ఞాపించువారు లేరు, పొయ్యిలో నిప్పున్నది, కిటికీ వెలుపల తెల్లని హిమమున్నది. కాని ఆ దీవికిని ఒడ్డునకును నడుమ నున్న దేమో తెలిసికొన్నచో ఆ తలంపు మారును.

మేము చెప్పబోవునది సెయింట్ లారెన్సు నదిని గూర్చి. ఉత్తర అమెరికాలోని మహాసరస్సులలో చివరిదైన ఒంటారియో సరస్సు నుండి ఇది బయలుదేరి అట్లాంటిక్ మహాసముద్రము వైపు సాగును. సరస్సును విడిచిన తొలి భాగమున, సుమారు 80 కిలోమీటర్ల మేర, 1,800కు పైగా దీవులు చెదరియున్నవి. వీనికి థౌజండ్ ఐలండ్స్, అనగా వేయి దీవులు, అని పేరు. ఒక ఒడ్డు కెనడా, ఎదుటి ఒడ్డు అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రము. 1872లో అధ్యక్షుడు గ్రాంటు ఇచ్చట పుల్మన్ అను ధనికుని దీవికి అతిథిగా వచ్చిన పిదప ఈ ప్రదేశమునకు పెద్ద పేరు కలిగెను. ధనికులు భవనములను, వర్తకులు హోటళ్లను కట్టిరి. 1880లో స్థాపితమైన అమెరికన్ కెనూ అసోసియేషన్ అను పడవల సంఘము 1901లో ఇచ్చట ఒక దీవినే కొనెను. 1938లో వంతెన వచ్చినది గాని, అది ఒకటి రెండు పెద్ద దీవులకు మాత్రమే ఉపకరించును. తక్కిన దీవులకు నీరే త్రోవ.

ఇక కాపలాదారు పనిని చూతము. అతనికి చలికాలము హిమము కురిసిన నాడు మొదలు కాదు. సభ్యుల చివరి పడవ వెడలిన మరునాడే మొదలగును. నీరు గడ్డకట్టునపుడు దాని పరిమాణము నూటికి సుమారు 9 వంతులు పెరుగును. గొట్టములో మిగిలిన నీరు ఇనుమునైనను చీల్చగలదు. కావున ప్రతి కుటీరములోని గొట్టములను ఖాళీ చేసి, వంపులలో నిలిచిన నీటిలో గడ్డకట్టని ద్రవమును పోయవలెను. పడవలను పైకెత్తవలెను. పొగగొట్టములలో పేరుకొన్న మసిని తీయవలెను. కట్టెలు, పిండి, ఉప్పు, మందులు, జనరేటరుకు నూనె ముందుగానే చేర్చవలెను. నవంబరులో మరచిన వస్తువు జనవరి వరకు రాకపోవచ్చును.

రేవు సంగతి వేరు. ఇచ్చటి రేవుకట్టలు అనేకము దుంగలతో పెట్టెలవలె కట్టి రాళ్లతో నింపినవి. మంచుగడ్డ వానిని పట్టుకొని, నీటిమట్టము పెరిగినపుడు తనతో బాటు పైకి లాగును. దీనికి ఒక ఉపాయము కలదు. నీరు 4 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మిక్కిలి బరువుగా నుండును. అందుచేత గాలి తాకిడి లేని రేవులలో కొంత వెచ్చని నీరు అడుగున చేరి, అంతకంటె చల్లని నీరు పైన గడ్డకట్టును. అడుగున గొట్టము పరచి గాలిని వదలినచో, బుడగలు ఆ వెచ్చని నీటిని పైకి తెచ్చును. రేవు చుట్టు నీరు గడ్డకట్టదు. కాని విద్యుత్తు ఆగిన రాత్రి ఈ ఉపాయమును ఆగిపోవును. కాపలాదారు నిద్ర చాలించి జనరేటరు వద్దకు పరుగిడవలసినదే.

జనవరిలో ఉష్ణోగ్రత సున్నకు 20 డిగ్రీలు దిగువకు పోవు రాత్రులు అరుదు కావు. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, కాపలాదారు ఎక్కువగా భయపడునది ఈ గడ్డు చలికి కాదు. నది గట్టిగా గడ్డకట్టిన పిదప అతనికి ఒక బాట యేర్పడును. నడచియో, హిమవాహనముపైననో ఒడ్డునకు పోయి, ఉత్తరములు, కూరగాయలు తెచ్చుకొనవచ్చును. ఇరుగు పొరుగు దీవుల వారిని చూచి రావచ్చును. అసలు గండములు రెండు: డిసెంబరులో నది గడ్డకట్టు వారములు, మార్చిలో అది కరగు వారములు. అప్పుడు నది పడవకు పనికివచ్చు నీరును కాదు, పాదమునకు పనికివచ్చు నేలయు కాదు. మన గోదావరి లంకల వారికి వరద వచ్చినపుడు దారి మూసికొనుట తెలియును. అచ్చట నీరు పొంగి దారి మూయును. ఇచ్చట సగము గట్టిపడి మూయును.

ఈ వారముల కొరకే ఆ నదివారు ఒక వింత పడవను కల్పించుకొనిరి. దాని అడుగు చదునుగా నుండును. క్రింద జారుటకు పట్టాలుండును. ఇరువురు చెరియొక ప్రక్క పట్టుకొని దానిని మంచుపై త్రోయుచు నడతురు. కాలి క్రింద గడ్డ విరిగినచో పడవలోనికి దూకుదురు. ముల్లు గల గడలతో ముందుకు లాగికొని మరల గట్టి గడ్డపై కెక్కుదురు. తరువాతి కాలమున పంకాతో నడచు ఎయిర్‌బోటులు వచ్చినవి. వానికి ఖర్చెక్కువ, మరమ్మత్తు లెక్కువ. సూత్రము మాత్రము ఒక్కటే: నీటిపైనను మంచుపైనను పోగలిగిన వాహనము లేనిదే ఈ వారములలో కదలరాదు.

మంచుగడ్డ మందమునకు కొన్ని కొలతలు సామాన్యముగా చెప్పుదురు. స్వచ్ఛమైన, నల్లగా కనబడు గడ్డ 10 సెంటీమీటర్లున్నచో మనిషి నడువవచ్చును. హిమవాహనమునకు 13 నుండి 18 వరకు, చిన్న కారునకు 20 నుండి 30 వరకు వలయును. హిమము కలసి తెల్లబారిన గడ్డకు బలము సగమే. అయితే ఇవి నిలుకడ నీటికి చెప్పిన కొలతలు. ప్రవాహము దీవుల నడుమ ఇరుకు దారులలో వడిగా పారుచు గడ్డను అడుగునుండి కొరికివేయును. ఇచ్చట ఒక అడుగు మందమున్నను పది బారల దూరమున అరచేతి మందము కూడ నుండకపోవచ్చును. పైన కురిసిన హిమము కంబళివలె కప్పి గడ్డను పెరుగనీయదు. బలహీనమైన చోటును కంటికి కనబడనీయదు.

మరియొక చిక్కు కలదు. 1958 నుండి దిగువన మోజెస్-సాండర్సు ఆనకట్ట వద్ద నీటి విడుదలను నియంత్రించుచున్నను, నదిమట్టము ఒక్క తీరున నుండదు. పడమటి గాలి ఒంటారియో సరస్సు నీటిని తూర్పు కొసకు నెట్టినప్పుడు మట్టము పెరుగును. దానితో ఒడ్డు వెంబడి గడ్డ పగులును. నడి నదిలో గట్టిగా నున్న బాట ఒడ్డు చేరుచోటనే మోసము చేయుట కలదు. ఇక 1959లో తెరచిన నౌకామార్గము కొరకు వసంతారంభమున మంచును పగులగొట్టు ఓడలు వచ్చినప్పుడు, నిన్న నడచిన బాట నేడు రెండుగా తెగును.

అందుచేత కాపలాదారు చేతిలో ఎల్లప్పుడును ఇనుప గునపముండును. అడుగు వేయుటకు ముందు గడ్డను పొడిచి చూచును, ధ్వనిని వినును. అతడు పక్షులను కూడ గమనించును. చలికాలమున తెల్లతల గ్రద్దలు చేపల కొరకు గడ్డకట్టని నీటి ప్రక్కన చేరును. అవి వ్రాలిన చెట్ల వైపు ప్రవాహమున్నదని, అటు బాట వేయరాదని అతడు గ్రహించును.

అతని మెడలో రెండు మేకుల పిడులు వ్రేలాడుచుండును. నీటిలో పడినచో వానిని గడ్డలో గ్రుచ్చి, వచ్చిన దిక్కునకే తిరిగి, కాళ్లాడించుచు పైకి ప్రాకవలెను. ఆ దిక్కున గడ్డ అంతవరకు తన్ను మోసినది గదా! పైకెక్కిన పిదప నిలుచుండక దొర్లుచు పోవలెను. చల్లని నీటిలో పడినవానికి నిపుణులు ఒక లెక్క చెప్పుదురు: ఊపిరిని అదుపులోనికి తెచ్చుకొనుటకు 1 నిమిషము, చేతులు స్వాధీనములో నుండుటకు సుమారు 10 నిమిషములు, స్పృహ తప్పుటకు సుమారు 1 గంట. పడినవాడు తన్ను తాను రక్షించుకొనవలసినది ఆ పది నిమిషములలోనే.

దీవిపై మరియొక భయము నిప్పు. 1911లో రౌండ్ ఐలండ్‌పై న్యూ ఫ్రాంటెనాక్ హోటలు, 1912లో థౌజండ్ ఐలండ్ పార్కులో కొలంబియన్ హోటలు దగ్ధమైనవి. అవి జనులు, పడవలు ఉన్న వేసవి దినములు. చలికాలమున ఒంటరి దీవికి అగ్నిమాపక యంత్రము రాజాలదు. కావుననే పొగగొట్టపు మసిని తీయుట కాపలాదారునకు నియమము.

ఈ నడుమ చలి తగ్గుచున్నది గదా, అతనికి సుఖమే గదా యని శ్రోతలు తలపవచ్చును. నిజము దీనికి విరుద్ధము. 1970ల నుండి మహాసరస్సులపై మంచుగడ్డ, ఏటేట హెచ్చుతగ్గులున్నను, మొత్తముమీద తగ్గుచు వచ్చినది. 2023-24 చలికాలమున మిక్కిలి తక్కువగా ఏర్పడెను. గడ్డు చలి కురుచయైనకొలది గట్టి బాట దొరకు దినములు తగ్గును. గడ్డకట్టుచు, కరగుచు, మరల గడ్డకట్టు దినములు పెరుగును. తాతల నాటి అనుభవముతో ఫలాని వారమున నది దాటవచ్చునని చెప్పుట ఇప్పుడు ప్రమాదకరము.

మే నెలలో సభ్యులు వత్తురు. కొళాయి త్రిప్పిన నీరు వచ్చును. రేవు ఉన్నచోటనే యుండును. హిమభారమునకు కప్పు కూలియుండదు. చలికాలమంతయు కాపలాదారు ఏమి చేసెనని ఎవరైన అడిగినచో, చూపుటకు అతనివద్ద క్రొత్తది ఏదియు నుండదు. అందుచేతనే కొందరు అతని జీతమును తగ్గింపజూతురు, ఇరువురుండవలసినచోట ఒక్కనిని ఉంచుదురు. మంచుపడవను త్రోయుటకు ఇరువురు కావలెను. నీటిలో పడినవానికి త్రాడు విసరుటకు రెండవవాడు కావలెను. క్లబ్బు పెద్దలు ఈ లెక్కను ముందు వేయవలెను. ఇంకొక్క మాట: ఒడ్డున నున్నవారు ఏదో కాగితము కొరకు, ఏదో తాళపుచెవి కొరకు రమ్మని కబురంపినపుడు, నది బాగుగా లేదని కాపలాదారు చెప్పినచో, ఆ మాటకు తిరుగు ప్రశ్న వేయరాదు.